‘స్టాటిక్ మెథడ్’ని ‘స్థిర పద్ధతి’ అనవచ్చా?

ప్రశ్న: జావా పాఠాల్లో స్టాటిక్ మెథడ్‌ని ‘స్థిర పద్ధతి’ అనీ, ఒక ఆబ్జెక్టు మీద పిలిచే ఇన్‌స్టెన్స్ మెథడ్‌ని ‘ఉదాహరణ పద్ధతి’ అనీ రాస్తున్నారు. ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ (మామూలుగా ఇది స్టాటిక్) లోంచి ఇన్‌స్టెన్స్ మెథడ్‌ని నేరుగా పిలిస్తే ఎర్రర్ ఎందుకొస్తుందో ఈ మాటలతో ఎలా చెప్పాలండీ?

జవాబు: చెప్పలేం. ‘ఉదాహరణ’ అనగానే లెక్కల పుస్తకం గుర్తొస్తుంది. ‘స్థిర’ అంటే విలువ మారదనుకుంటారు. ఆ పని ఫైనల్ అనే కీవర్డుది. సీ భాషలో ప్రోగ్రామ్ నడిచినంతసేపూ నిలిచి ఉండే వేరియబుల్‌కి స్టాటిక్ అన్నారు. నిలిచేది చోటు, విలువ కాదు. ఆ కీవర్డుకే సీ++, జావా ‘ఏ ఒక్క ఆబ్జెక్టుకూ చెందనిది’ అనే అర్థం కూడా తగిలించాయి. విజువల్ బేసిక్ డాట్ నెట్‌లో దీని పేరు ‘షేర్డ్’. మనకు ‘ఉమ్మడి’ ఉండనే ఉంది.

మరొకరు: ఎర్రర్ సంగతికి ‘తన’ అనే మాట చాలు. ఖాతా అనే క్లాసులో నిల్వ అనే ఫీల్డు (ఆబ్జెక్టు దాచుకునే విలువ), నిల్వచూపు అనే మెథడ్ ఉన్నాయనుకోండి. నిల్వచూపు అంటే ‘తన నిల్వ చూపు’ అని. జావాలో ఆ ‘తన’ పేరే దిస్. స్టాటిక్ మెథడ్‌లో దిస్ ఉండదు కాబట్టి ‘తన’ అంటే ఎవరిదో తేలదు, కంపైలర్ అక్కడే ఆగిపోతుంది. రెండు దార్లు: ఖాతాని ‘క’ అనే పారామీటర్‌గా అందుకుని ‘క.నిల్వచూపు()’ అని పిలవడం, లేదా న్యూ అనే కీవర్డుతో కొత్త ఆబ్జెక్టు కట్టి దాని మీద పిలవడం. రెండోది జాగ్రత్త. కొత్త ఖాతా నిల్వ 0. ఎర్రర్ పోతుంది, తెర మీద సున్నా వస్తుంది, మీకు కావలసిన ఖాతా ఇంకెక్కడో ఉంటుంది.

ఇంకొకరు: చాలామంది చేసే మరమ్మతు, ఎర్రర్ చూపిన ప్రతిదానికీ స్టాటిక్ తగిలించడం. నిల్వ కూడా స్టాటిక్ అయ్యాక ఒక ఖాతాలో 500, రెండోదాంట్లో 300 జమ చేయండి. రెండూ 800 చూపిస్తాయి! నిజంగానే ఉమ్మడి ఆస్తి. తిరగేసి పిలవడానికి మాత్రం అడ్డు లేదు: ఇన్‌స్టెన్స్ మెథడ్‌లోంచి స్టాటిక్‌ని హాయిగా పిలవొచ్చు.

మొదటి జవాబుకి చిన్న అభ్యంతరం: ఫీల్డుకి ‘ఉమ్మడి’ బాగా అతుకుతుంది, మెథడ్‌కి అతకదు. ఇన్‌స్టెన్స్ మెథడ్ కోడు కూడా ఆబ్జెక్టుకో కాపీ ఉండదు కదా, అన్నిటికీ ఒకటే. తేడా అల్లా కనపడకుండా వచ్చే ఆ దిస్ ఒక్కటే. పైథాన్‌లో అదే సెల్ఫ్ అని బయటికే కనిపిస్తుంది. అందుకని ఫీల్డుని ‘ఉమ్మడి’ అని, మెథడ్‌ని ‘తరగతి పద్ధతి’ అని రాయండి. ఇన్‌స్టెన్స్‌ని అలాగే ఉంచేయండి, ఎవరికీ కొత్త కాదు. అన్నట్టు, జావా 25లో మెయిన్‌ని స్టాటిక్ లేకుండానే రాయొచ్చు, కాబట్టి ‘మెయిన్ ఎప్పుడూ స్టాటిక్కే’ అన్న వాక్యం పాఠంలో ఉంటే అదీ దిద్దాలి.