భూమిపై ఒక చోటు ఎక్కడుందో పిల్లలచేత ఎలా చెప్పించాలి?

ప్రశ్న: అక్షాంశ రేఖాంశాల నిర్వచనాలను తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలు, కైరో ఎక్కడుందంటే పటంలో వేలు పెట్టి చూపుతున్నారే తప్ప మాటల్లో చెప్పలేకపోతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: అంకెలను కాస్త ఆపండి. కైరో ఆఫ్రికా ఈశాన్య భాగంలో, మధ్యధరా సముద్రానికి దక్షిణంగా, నైలు నది ఒడ్డున ఉందని చెప్పగలిగిన పిల్లలకు, సుమారు 30 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 31 డిగ్రీల తూర్పు రేఖాంశం అన్నవి అదే సంగతిని మరింత కచ్చితంగా చెప్పే పద్ధతిగా తోస్తాయి.

జవాబు 2: గ్లోబు తప్పనిసరి. భూమధ్యరేఖ స్థానాన్ని భూభ్రమణమే నిర్ణయిస్తుందనీ, రేఖాంశాల లెక్క మొదలయ్యే గ్రీనిచ్ రేఖను మాత్రం 1884లో వాషింగ్టన్ సమావేశంలో దేశాలు ఎంచుకున్నాయనీ చెబితే పిల్లలు ఆసక్తిగా వింటారు.

ప్రశ్నించినవారు: దిక్కు చెప్పకుండా అంకెలతోనే ఆపేస్తే?

జవాబు 1: అలాగే వెతకనివ్వండి; ఉత్తరానికి బదులు దక్షిణం తీసుకుంటే దాదాపు దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరుకుంటారు.