మెకానికల్ బీటెక్ తర్వాత పీజీ: గేటా, అమెరికానా, జర్మనీనా? బెజవాడ, గుంటూరు వాళ్ళ అనుభవాలు చెప్పండి

కానూరు_మెక్:
అందరికీ నమస్కారం. కానూరు వైపు ఒక ప్రైవేటు కాలేజీలో మెకానికల్ మూడో ఏడాది అయిపోవచ్చింది. సీజీపీఏ 7.4. రెండో ఏడాదిలో మ్యాథ్స్ ఒకటి పోయింది, సప్లీలో క్లియర్ అయింది. క్లాసులో చాలామంది సాఫ్ట్‌వేర్ కోచింగ్‌ల్లో చేరిపోయారు. నాకు మాత్రం హీట్ ట్రాన్స్‌ఫర్ అంటే ప్రాణం, ముఖ్యంగా ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ కూలింగ్. నాన్నగారికి ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉంది. పోరంకిలో ఉన్న స్థలం బ్యాంకులో పెట్టయినా అమెరికా పంపిస్తానంటున్నారు. ఆ మాట వింటే నాకు నిద్ర పట్టడం లేదు. ఏ దారికి నిజంగా ఏమేం కావాలో చేసి చూసినవాళ్ళు చెప్పండి. కన్సల్టెన్సీ వాళ్ళ మాటలు ఇప్పటికే చాలా విన్నాను.

గేట్_బ్రాడీపేట:
తమ్ముడూ, ముందు గేట్ సంగతి, అంటే ఎం.టెక్ సీట్ల కోసం దేశమంతటా జరిగే పరీక్ష. పేపరు 100 మార్కులు, 65 ప్రశ్నలు, మూడు గంటలు. ఆప్టిట్యూడ్‌కి 15 మార్కులు. దాన్ని మనవాళ్ళు చివరి నెలలో చూద్దాంలే అని వదిలేస్తారు, అది తగదు. థర్మోలో 15 మార్కులు తెచ్చుకోవడం కన్నా అక్కడ తెచ్చుకోవడం తేలిక. అంకె టైప్ చేసే ప్రశ్నలకు మైనస్ లేదు, ఆప్షన్లున్న వాటిలో ఒక్కటే సరైన జవాబు ఉండే ప్రశ్నలకు తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. నువ్వు మూడో ఏడాదిలోనే రాయడానికి అర్హుడివి, కాబట్టి ఈసారి ఎలాగూ రాసేయ్.

ఎన్ఐటీలన్నిటికీ సీసీఎంటీ కౌన్సెలింగ్. జనరల్‌కి 6.5 సీజీపీఏ లేదా 60 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 6.0 లేదా 55 శాతం కావాలి. నీ 7.4తో అర్హతకు ఢోకా లేదు. ఐఐటీలకు మాత్రం ఒక్కోదానికీ విడిగా అప్లై చేసుకోవాలి, ఆఫర్లన్నీ సీఓఏపీ అనే ఉమ్మడి వెబ్‌సైటులో కనపడతాయి. గేట్ క్వాలిఫై అయి ఫుల్‌టైమ్ చేరినవాళ్ళకి నెలకు 12,400 స్టైపెండ్, 24 నెలలు. అంటే రెండేళ్ళకి 2,97,600. ఆ లెక్క నాన్నగారికి కాగితం మీద వేసి చూపించు.

కానూరు_మెక్:
థ్యాంక్స్ అన్నా. సీఓఏపీలో ‘రిటైన్ అండ్ వెయిట్’ అంటే ఏంటి? సీటు పోతుందని భయమేస్తోంది.

గేట్_బ్రాడీపేట:
చేతిలో ఉన్న ఆఫర్ అట్టేపెట్టుకుని, తర్వాతి రౌండులో ఇంకా మంచిది వస్తుందేమో చూడటం. పోదు. ‘రిజెక్ట్ అండ్ వెయిట్’ నొక్కితేనే అది చేజారుతుంది.

టెక్సాస్_పటమట:
పటమట వాణ్ణి, అమెరికాలో ఎం.ఎస్ మెకానికల్ పూర్తి చేశాను. చాలా యూనివర్సిటీల్లో డిగ్రీకి 30 క్రెడిట్లు. థీసిస్ దారిలో అందులో కొన్ని రీసెర్చికి పోతాయి, నాన్ థీసిస్ అయితే మొత్తం కోర్సులే. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు సెమిస్టరుకు మామూలుగా 9 క్రెడిట్లు తీసుకోవాలి, 4 పాయింట్ల స్కేలు మీద జీపీఏ 3.0 కిందికి రానివ్వకూడదు. జీఆర్ఈ (పీజీ అడ్మిషన్లకు రాసే పరీక్ష) చాలా చోట్ల ఇప్పుడు ఐచ్ఛికమే. అడిగినచోట రాయాలంటే 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష రెండు గంటల లోపే. మూడు రికమండేషన్లలో ఒక్కటైనా నీ ప్రాజెక్టు గైడ్ రాసింది కావాలి. హెచ్ఓడీ గారి సంతకంతో అందరికీ ఒకేలా ఇచ్చే కాగితానికి అక్కడ విలువ లేదు.

ఫండింగ్ గురించి సూటిగా చెబుతున్నా. మాస్టర్స్‌కి చేరేటప్పుడే అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పని చేస్తే ఇచ్చే జీతం) రావడం అరుదు, ఆ డబ్బు ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్ళకే. అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చులే అన్న ధీమాతో స్థలం తాకట్టు పెట్టొద్దు. ఇక్కడ బ్యాంకులు చదువు లోను 7.5 లక్షలు దాటితే మామూలుగా ఆస్తి పూచీ అడుగుతాయి, ఎం.ఎస్ ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, మెకానికల్ స్టెమ్ (సైన్సు, ఇంజినీరింగ్) కోర్సు కాబట్టి ఇంకో 24 నెలలు. ఇంకొకటి, ఏ కన్సల్టెన్సీ బోర్డు మీదా రాయరు: విమానాలు, రాకెట్లు, రక్షణ రంగం కంపెనీల్లో చాలా ఉద్యోగాలకు ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల అమెరికా పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళో కావాలి. మెకానికల్ వాళ్ళు కలలుగనే పోస్టులు సగం అక్కడే ఉంటాయి. బ్యాటరీ, హెచ్‌వీఏసీ (భవనాల ఏసీ, వెంటిలేషన్), డేటా సెంటర్ల కూలింగ్ వైపు ఆ అడ్డు లేదు. అందుకే నీ ఎంపిక నాకు నచ్చింది.

మంగళగిరి_అక్క:
జర్మనీ ఊసు ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతా. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్ళకి సెమిస్టరుకు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 చలికాలం సెమిస్టరు నుంచి వసూలు చేస్తోంది. వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు వేసి, నెలకింతే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, నెలకు 992 చొప్పున అక్కడ తీసుకుంటాం. మన సర్టిఫికెట్లు అసలైనవేనని జర్మనీ వాళ్ళు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబరు నుంచి తప్పనిసరి. దానికి బాగా ముందుగానే అప్లై చేయాలి, ఆఖర్లో పరిగెత్తితే ఆ ఏడాది సీటు పోయినట్టే.

తమ్ముడూ, నీకు అసలు చిక్కు గ్రేడు మార్పిడిలో వస్తుంది. వాళ్ళ ఫార్ములా ఇది: గరిష్ఠం లోంచి నీ సీజీపీఏ తీసేసి, గరిష్ఠానికీ కనీస పాస్‌కీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. నీ 7.4కి కనీస పాస్ పాయింటు 5 అనుకుంటే 2.56 వస్తుంది. 4 అనుకుంటే 2.3. వాళ్ళకి అంకె ఎంత తగ్గితే అంత మంచి గ్రేడు. కొన్ని చోట్ల 2.5 దాటితే ఫైలు తెరవరు. కాబట్టి మీ రెగ్యులేషన్‌లో (మీ బ్యాచికి వర్తించే యూనివర్సిటీ నిబంధనల్లో) కనీస పాస్ పాయింటు ఎంతో ఎగ్జామ్ బ్రాంచి నుంచి లెటర్‌హెడ్ మీద రాయించుకో. మెమో వెనక ముద్రించి ఉంటే ఆ వెనక పేజీ కూడా స్కాన్ చేయించు. నా ఫైల్లో ముందు పేజీ ఒక్కటే స్కాన్ చేసి పంపిస్తామన్నారు ఒక ఏజెంటు, నేను ఒప్పుకోలేదు.

సిలబస్ కూడా అంతే. మ్యాథ్స్ ఎన్ని క్రెడిట్లు, మెకానిక్స్ ఎన్ని, థర్మో, ఫ్లూయిడ్స్ ఎన్ని అని విడివిడిగా చూస్తారు. మన 160 క్రెడిట్లని వాళ్ళ లెక్కలోకి మార్చే పద్ధతి ఒక్కో యూనివర్సిటీది ఒక్కోలా ఉంటుంది. నాలుగేళ్ళ సిలబస్ పుస్తకం స్పైరల్ బైండింగ్ చేయించి, ప్రతి పేజీ మీద కాలేజీ ముద్ర వేయించుకున్నా. ముద్ర వేసే అటెండర్ గారు ‘ఇన్ని పేజీలా అమ్మా’ అంటూనే ఓపిగ్గా వేశారు, ఆయన మేలు మర్చిపోలేను. ఇంగ్లిషులో చెప్పే కోర్సుకే చేరినా జర్మన్ భాష బి1 స్థాయి (సొంతంగా మాట్లాడుకోగల మధ్య స్థాయి) దాకా ఇక్కడే నేర్చుకుని వెళ్ళు. ఇంటర్న్‌షిప్ దొరకాలంటే అదే తేడా చూపిస్తుంది.

లెక్చరర్_గుంటూరు:
గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మన దగ్గర ఎం.టెక్ చేయాలంటే ఏపీ పీజీఈసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష. 120 ప్రశ్నలు, రెండు గంటలు, మైనస్ మార్కుల్లేవు. గేట్ స్కోరు ఉన్నవాళ్ళకి ముందు సీట్లిచ్చాకే పీజీఈసెట్ ర్యాంకుల వంతు. ఇక్కడ థర్మల్, మెషిన్ డిజైన్, క్యాడ్ క్యామ్ ఎక్కువగా ఉంటాయి. టీచింగ్‌లోకి రావాలంటే బీటెక్, ఎం.టెక్ రెండూ ఉండి, ఏదో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ ఉండాలి. పై పోస్టులకు పీహెచ్‌డీ లేకుండా కుదరదు.

చేరేముందు ల్యాబ్‌కి వెళ్ళి చూడు బాబూ. ఎవరూ కాదనరు. థర్మల్ అంటే మన వైపు చాలా చోట్ల ఒకటే ప్రాజెక్టు: సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిన్, 1500 ఆర్‌పీఎం, కానుగ నూనె బయోడీజిల్, బి20 బ్లెండు (20 శాతం బయోడీజిల్), పొగ ఎంత, ఎఫిషియెన్సీ ఎంత. ఆ పని తక్కువదని నేను అనను, దానిలో నేర్చుకోవలసింది చాలా ఉంది. కానీ గ్యాస్ అనలైజర్ మీద క్యాలిబ్రేషన్ స్టిక్కర్ ఉంటుంది, దాని తేదీ చూడు. నాలుగేళ్ళ కిందటిదైతే నీ థీసిస్‌లో ఉద్గారాల అంకెలన్నీ నమ్మరానివే. నీది బ్యాటరీ కూలింగ్ కాబట్టి డేటా లాగర్, ఉష్ణోగ్రత కొలిచే కె-టైప్ థర్మోకపుల్స్, సెల్స్‌ని ఛార్జి, డిశ్చార్జి చేసే సైక్లర్ ఉన్నాయా, సీఎఫ్‌డీ (గాలి, ద్రవాల ప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే) సాఫ్ట్‌వేర్‌కి అసలు లైసెన్సు ఉందా అని అడుగు. లేదంటే రెండేళ్ళు సిమ్యులేషన్ బొమ్మలతో గడిచిపోతాయి. మా పిల్లలు ఆ బాధ పడుతుంటే చూడలేకపోయాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

రీసెర్చ్_తెనాలి:
కోర్స్‌వర్క్ ఎం.టెక్ కాకుండా ఐఐటీల్లో రీసెర్చి డిగ్రీ ఉంటుంది, ఎం.ఎస్ బై రీసెర్చ్ అనో ఎం.టెక్ రీసెర్చ్ అనో. దానికి గేట్ ఒక్కటే చాలదు, ఇంటర్వ్యూ ఉంటుంది. హీట్ ట్రాన్స్‌ఫర్ ఇష్టమన్నావు కాబట్టి నా ఇంటర్వ్యూ చెబుతా. బోర్డు దగ్గర నిలబెట్టి చాక్‌పీసు ఇచ్చారు. చదునైన పలక మీద గాలి వెళ్తుంటే వెలాసిటీ బౌండరీ లేయర్ (పలక దగ్గర గాలి వేగం తగ్గే పొర) గీయమన్నారు. గీశాను. అదే బొమ్మలో థర్మల్ బౌండరీ లేయర్ (ఉష్ణోగ్రత మారే పొర) గీయమన్నారు. పైన గీయాలా కింద గీయాలా అన్నది ప్రాండ్ల్ నంబర్ (ఈ రెండు పొరల్లో ఏది మందమో చెప్పే నిష్పత్తి) మీద ఉంటుంది. గాలికి సుమారు 0.7, అందుకని థర్మల్ లేయర్ కాస్త మందం, పైన వస్తుంది. వెంటనే ‘గాలి బదులు ఇంజిన్ ఆయిల్ అయితే?’ అన్నారు. నూనెకి ప్రాండ్ల్ నంబర్ వందల్లో, వేలల్లో ఉంటుంది, థర్మల్ లేయర్ పలకకి అంటుకుపోయినట్టు సన్నగా కింద ఉంటుంది.

తర్వాత ఎర్రగా కాల్చిన ఇనప గుండుని నూనెలో వేస్తే లోపలంతా ఒకే ఉష్ణోగ్రత అనుకోవచ్చా అని అడిగారు. బయోట్ నంబర్ (లోపల వేడి పాకడానికి ఉన్న అడ్డుకీ, ఉపరితలం నుంచి వేడి పోవడానికి ఉన్న అడ్డుకీ నిష్పత్తి) 0.1 లోపు ఉంటే అనుకోవచ్చన్నాను. ‘ఆ 0.1 ఎక్కణ్ణుంచి వచ్చింది?’ అన్నారు. అక్కణ్ణుంచి అరగంట దాని మీదే. సబ్జెక్టులన్నీ పైపైన తిరగేసినవాడికి కాదు, రెండు సబ్జెక్టులు అడుగుదాకా తవ్వినవాడికి ఆ గదిలో బలం ఉంటుంది. నీ సప్లీ గురించి ఎవరూ అడగరు, మ్యాథ్స్ మాత్రం అడుగుతారు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మళ్ళీ చదువు.

కానూరు_మెక్:
మాస్టారూ, అక్కా, అన్నలూ, ఎంతో ఓపిగ్గా రాశారు. రాత్రి నాన్నకి అన్నీ చదివి వినిపించాను. నెలకు 12,400 ఎదురిస్తారా అని రెండుసార్లు అడిగారు. గేట్‌కి పేరు ఇస్తున్నాను. జర్మనీ కాగితాలు కూడా సమాంతరంగా సిద్ధం చేసుకుంటా. అక్కా, పాస్ పాయింటు లెటర్ కోసం సోమవారం ఎగ్జామ్ బ్రాంచికి వెళ్తున్నా.

మంగళగిరి_అక్క:
లెటర్‌లో రెగ్యులేషన్ పేరు, నీ హాల్ టికెట్ నంబరు రెండూ ఉండేలా చూసుకో. కనీసం నాలుగు ఒరిజినల్స్ అడుగు.

ఇబ్రహీంపట్నం_షిఫ్ట్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నేను ఇక్కడి థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నా, బీటెక్ మెకానికల్. ఉద్యోగం వదలకుండా ఎం.టెక్ చేసే వీలుందా?

లెక్చరర్_గుంటూరు:
ఉందమ్మా. పార్ట్‌టైమ్‌కి 12,400 స్టైపెండ్ మాత్రం రాదు. బిట్స్ పిలానీ వాళ్ళు ఉద్యోగస్తుల కోసమే ఎం.టెక్ నడుపుతున్నారు. స్పాన్సర్డ్ కోటాలో (పనిచేసే సంస్థ పంపితే చేరే సీట్లు) అయితే చాలా ఐఐటీలు, ఎన్ఐటీలు కనీసం రెండేళ్ళ సర్వీసు, సంస్థ నుంచి లెటర్ అడుగుతాయి. నువ్వు కాంట్రాక్టు అంటున్నావు కాబట్టి ఆ లెటర్ కాంట్రాక్టరు ఇవ్వాలా, స్టేషన్ ఇవ్వాలా అన్నది చేరబోయే చోట ముందే మెయిల్ పెట్టి అడుగు. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే ఫీజు కట్టు.