స్కాన్ చేశాక ప్రభుత్వ ఫైళ్ల కాగితాలు తీసేయొచ్చా?

కృష్ణాతీరం:
2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. అప్పటి నుంచి చాలామంది నోట వింటున్నది ఒకటే: "అన్నీ స్కాన్ చేసేయండి, కాగితం వదిలించుకోండి." స్కాన్ చేయాలన్నదానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కాగితం వదిలించుకోవడానికి మాత్రం ఒప్పుకోను. శాశ్వతంగా ఉంచాల్సిన ఫైలు విషయంలో అసలు ఒప్పుకోను. మీరేమంటారు?

సర్వర్‌రూమ్:
తీసేయాలనే అంటాను. చెదలు, ఎలుకలు, వాన నీళ్లు కారే పైకప్పు, వీటి మధ్య ఉన్న ఒకే ఒక్క కాపీని పట్టుకుని భద్రం అంటే ఎలా? అదే ఫైలు రెండు వేర్వేరు ఊళ్ల డేటా సెంటర్లలో ఉంటే ఒక ఆఫీసు అంటుకున్నా రైతుకు నష్టం లేదు. ఫైళ్లను కంప్యూటర్‌లోనే నడిపే ఈ-ఆఫీసులో ఎవరు ఎప్పుడు నోట్ రాశారో, ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో టైముతో సహా ఉంటుంది. కాగితం ఫైల్లో మధ్యలో ఒక పేజీ లాగేస్తే కనిపెట్టగలరా? పైగా ఐటీ చట్టం, 2000 లోని 7వ సెక్షన్ రికార్డును ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచితే చాలని చెబుతోంది కదా.

పాత రెవెన్యూ ఉద్యోగి:
సర్వర్‌రూమ్ గారూ, పేజీ లాగేస్తే కనిపెట్టొచ్చు. ఉత్తరప్రత్యుత్తరాలు ఉండే కరెంట్ ఫైల్లో పేజీ నంబర్లు వేసేది అందుకే. ఎంతమంది వేస్తున్నారన్నది వేరే ప్రశ్న, అక్కడ మీరన్నది నిజమే.

స్కానింగు ఎలా జరుగుతుందో కూడా చూడాలి. ఏ భూమి ఎవరి పేరున ఉందో రాసే పాత పహాణీలో మార్పులు ఎర్ర సిరాతో రాసేవాళ్లు. నల్ల సిరాది మొదట ఉన్న పేరు, ఎర్రది తర్వాత చేరింది. దాన్ని తక్కువ సైజులో బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేస్తే రెండు పేర్లూ ఒకే రంగులో వస్తాయి, ఏది ముందో ఏది తర్వాతో తెలియదు. గీకి మళ్లీ రాసిన చోట కాగితం పలచబడి ఉంటుంది. వెలుతురుకు పెట్టి చూస్తే పట్టేస్తాం. తెర మీద ఎలా పడతారు? తెలంగాణలో భూమి తగాదా అంటే ఇప్పటికీ 1954-55 నాటి కాస్రా పహాణీ దాకా వెళ్లాల్సిందే.

ఏది ఎన్నాళ్లు ఉంచాలన్నది మన ఆఫీసులకు కొత్త కాదు. ఫైలు ముగించేటప్పుడు దాని మీద ఆర్.డిస్ అని రాస్తే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్ అని రాస్తే పదేళ్లు ఉంచాలి. ఆ పదేళ్లు దాటినవి పద్ధతి ప్రకారం తీసేస్తే గదులు సగం ఖాళీ అవుతాయి. ఆ పని చేయకుండా అన్నిటినీ కలిపి స్కానింగుకు పంపుతున్నారు.

గుంటూరు వకీలు:
7వ సెక్షన్ ఊరికే అనుమతి ఇవ్వలేదు, షరతులు పెట్టింది. రికార్డు తర్వాతి కాలంలో వాడుకోవడానికి వీలుగా ఉండాలి, మొదటి సమాచారాన్ని ఉన్నదున్నట్టు చూపాలి, ఎక్కడి నుంచి ఎప్పుడు వచ్చిందో తెలియాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) లోని 63వ సెక్షన్ ప్రకారం కోర్టుకు ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో హాష్ విలువ (రికార్డులో ఒక్క అక్షరం మారినా మారిపోయే, కంప్యూటర్ లెక్కగట్టే గుర్తు) కూడా రాయాలి. స్కాన్ చేసిన రోజునే ఆ విలువ నమోదు చేయకపోతే ఇరవై ఏళ్ల తర్వాత ఇచ్చే సర్టిఫికెట్ మధ్యలో ఏమీ మారలేదని రుజువు చేయదు.

సర్వర్‌రూమ్:
హాష్ విషయంలో మీతోనే ఉన్నాను, అది మొదటి రోజే చేయాలి. ఎర్ర సిరాకు కలర్ స్కాన్ ఉంది. కానీ డబ్బు సంగతి? కాగితానికీ సర్వర్లకీ రెండింటికీ ఏ ప్రభుత్వం ఖర్చు పెడుతుంది? రెండూ ఉంచమంటే రెండూ సరిగ్గా ఉండవు.

కృష్ణాతీరం:
అన్నీ ఉంచమనడం లేదు, ఆర్.డిస్ ఒక్కటే ఉంచమంటున్నాను. డి.డిస్ గడువు తీరితే కాగితమూ స్కానూ రెండూ తీసేయండి.

నా అసలు భయం చట్టం లేకపోవడం గురించి. కేంద్రానికి పబ్లిక్ రికార్డ్స్ చట్టం, 1993 ఉంది. కంప్యూటర్ తయారుచేసినదాన్ని కూడా అది అప్పుడే రికార్డు అంది. నిబంధనలకు విరుద్ధంగా ధ్వంసం చేస్తే ఐదేళ్ల దాకా జైలు. కానీ అది కేంద్రానికీ, కేంద్రపాలిత ప్రాంతాలకూ, కేంద్ర సంస్థలకే. మన తహసీల్దార్ ఆఫీసుకు వర్తించదు. మహారాష్ట్ర, కర్ణాటక తమ చట్టాలు తాము చేసుకున్నాయి.

చట్టం ఉన్నచోటైనా అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో 2022 డిసెంబరులో కేంద్రం పాత రికార్డులు దాచే జాతీయ అభిలేఖాగారం అప్పటి డైరెక్టర్ జనరల్ చందన్ సిన్హాయే చెప్పారు. 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు, హరిత విప్లవం రికార్డులు కూడా తమ దగ్గర లేవట. శాఖలు పంపితేనే కదా ఉండేది! పాతికేళ్లు దాటిన రికార్డులను అభిలేఖాగారంతో కలిసి పరిశీలించాలని ఆ చట్టం చెబుతోంది. కాగితానికి పాతికేళ్లు సరిపోతాయేమో. పాతికేళ్ల కిందటి ఫ్లాపీని ఇప్పుడు తెరిచి చూపించండి. ఇక వాట్సాప్ గ్రూపులో ఇచ్చిన ఆదేశానికి కాగితమూ లేదు, ఈ-ఆఫీసులో నోటూ లేదు. అధికారి ఫోను మార్చిన రోజే అది పోతుంది.

అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ చట్టం తేవాలి. ఫైలు పుట్టిన రోజే దాని గడువు, స్కాన్ చేసిన రోజే హాష్ నమోదు కావాలి. వాట్సాప్‌లో ఇచ్చిన ఆదేశం వారంలోపు ఫైల్లోకి ఎక్కాలి. ఏ కాగితమైనా తీసేసే ముందు ఆ జాబితాను తొంభై రోజులు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ సర్వే నంబరు రైతు చూసి అభ్యంతరం చెప్పుకునే వీలుండాలి.

పాత రెవెన్యూ ఉద్యోగి:
జాబితాను గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద కూడా అంటించమనండి. వెబ్‌సైట్ చూసే రైతులు తక్కువ.