ఎగ్జెగ్యూటర్ ఎండకి పొడుగైందా? మా నాన్న ఒప్పుకోవడం లేదు

ఉద్దానం_కుర్రాడు:

మాది కవిటి మండలంలో చిన్న ఊరు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. రోజూ సోంపేటలో రైలెక్కుతాను, ఆ రైల్లోనే పోకెమాన్ గో ఆడతాను, అదే, ఫోన్ పట్టుకుని తిరుగుతూ పోకెమాన్లనే ఊహా జీవుల్ని పట్టుకునే ఆట. ఊళ్ళో ఆడదామంటే పోకెమాన్లు దొరకవు. ఆటకి కావలసిన సామాన్లిచ్చే చోటుని పోకీస్టాప్ అంటారు, ఉన్న ఒక్కటీ రామాలయం దగ్గర. రాత్రి అక్కడ ఫోన్ పట్టుకుని తిరిగితే కుక్కలు వెంటపడతాయి.

నెలల తరబడి 50 క్యాండీలు (ఆటలో పోకెమాన్‌ని మార్చడానికి వాడే మిఠాయిలు) కూడబెట్టి మొన్న ఆదివారం ఎగ్జెగ్‌క్యూట్ అనే పోకెమాన్‌ని ఎవాల్వ్ చేశాను, అంటే దాని తర్వాతి రూపానికి మార్చాను. అదేనండీ, ఆరు గుడ్ల గుత్తి. (గుడ్లలా కనిపిస్తాయి గానీ గింజల్లాంటివని ఆటలో పోకెమాన్ల వివరాలుండే పోకెడెక్స్‌లోనే ఉంది. ఇది మా తమ్ముడికి చెప్తే నవ్వాడు.) దాని తర్వాతి రూపం ఎగ్జెగ్యూటర్, కాళ్ళున్న కొబ్బరిచెట్టులా ఉంటుంది. పొడుగుది వస్తుందని ఆశపడితే పొట్టిది వచ్చింది. 2 మీటర్లు, 120 కిలోలు, మూడు తలలు. నాకు కావలసింది అలోలా రకం (ఆటలోని ఒక ప్రాంతం పేరు), 10.9 మీటర్లది. పొట్టిది ఎందుకు వచ్చింది? పొడుగుది ఎలా దొరుకుతుంది? ఇది మొదటి ప్రశ్న.

రెండోది అసలు తగువు. నేను ఫోన్ చూసుకుంటుంటే అరుగు మీద కాయలు ఒలుస్తున్న మా నాన్న తొంగి చూసి "ఏట్రా అది, కొబ్బరిచెట్టుకి కాళ్ళేటి?" అన్నారు. పొడుగుదాని బొమ్మ కూడా చూపించి, అలోలా అనే దీవుల్లో ఏడాదంతా ఎండ కాస్తుందని, ఆ ఎండకే ఇది ఇంత ఎదిగిందని చెప్పాను. ఆయన గునపం వదిలేసి లేచారు. "ఎండకి చెట్టు పొడుగవుతాదని ఎవడు చెప్పాడ్రా నీకు?" అని తోటలోకి తీసుకెళ్ళారు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా చెట్లు చాలావరకు కూల్చేసింది. మరుసటి ఏడాది మళ్ళీ పెట్టాం. రెండు చెట్లు చూపించారు. ఒకే రోజు పెట్టినవి, ఒకే చోట కొన్న మొక్కలు. నూతి దగ్గర ఒంటరిగా ఉన్నది పొట్టిగా, కాండం బలిసి, గెల వేసి ఉంది. పనసచెట్టు పక్కనున్నది సన్నగా సాగిపోయి, దారి మీదకు వంగింది, ఒక్క కాయా లేదు. "ఎండ చాలక పైకి పాకుతున్నాది. ఎండలో ఉన్నదానికి పాకే పనేటి?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆట రాసినవాళ్ళది తప్పా, మా నాన్నది తప్పా?

గంటస్తంభం_ట్రైనర్:

విజయనగరం నుంచి. మొదటిదానికి నేను చెప్తాను, రెండోదాంట్లో మీ నాన్నగారితో వాదించే ధైర్యం లేదు.

పోకెమాన్ గోలో గుడ్ల గుత్తిని మామూలుగా ఎవాల్వ్ చేస్తే వచ్చేది కాంటో (ఆటలోని ఇంకో ప్రాంతం) రకమే, అంటే మీకొచ్చిన పొట్టిది. పొడుగుది విడిగా పట్టుకోవాలి. బయట కనిపించినప్పుడు గానీ, రెయిడ్‌లో, అంటే నలుగురు కలిసి ఒక పెద్ద పోకెమాన్‌ని కొట్టే పోరులో, వచ్చినప్పుడు గానీ. 2018 మేలో అలోలా రకాల్లో గోలోకి మొదట వచ్చింది ఇదే. అప్పట్లో నేను పట్టుకున్నది ఫోన్ స్క్రీన్‌లో పట్టక తల ఎక్కడుందో వెతుక్కున్నాను. 2016లో వచ్చిన సన్, మూన్ ఆటల్లో అయితే ఈ బాధ లేదు. అలోలాలో లీఫ్ స్టోన్ అనే రాయి వాడితే చాలు, పొడుగుదే వస్తుంది.

పొడుగు ఒక్కటే తేడా కూడా కాదు. పోకెమాన్లకి జాతులుంటాయి. పొట్టిది గ్రాస్ (మొక్క), సైకిక్ (మానసిక శక్తి). పొడుగుది గ్రాస్, డ్రాగన్. ఎదిగిన కొద్దీ మానసిక శక్తుల మీద ఆధారపడటం మానేసిందని, లోపల నిద్రపోతున్న డ్రాగన్ లేచిందని పోకెడెక్స్ కథ. తోక మీద ఇంకో తల కూడా ఉంటుంది. ఐస్ దాడి తగిలితే మాత్రం దాని పని అయిపోయినట్టే. పాత ఆటల్లో నాలుగు రెట్లు దెబ్బ, గోలో 2.56 రెట్లు. మీ వైపు మంచు పడదు కదా, ఫర్వాలేదు.

ఇంకోటి, అలోలా జనం తమదే అసలైన ఎగ్జెగ్యూటర్ అని గొప్పలు పోతారు. కొబ్బరంటే ఉద్దానం కొబ్బరే అని మీరు అన్నట్టే. కోనసీమ వాళ్ళు వినే చోట అనకండి.

పెరటి_పిన్ని:

బాబూ, నాకు ఆట రాదు. మా అబ్బాయి ఇది చదివి వినిపించాడు. మాకూ సోంపేట దగ్గర కొబ్బరి ఉంది కాబట్టి రాస్తున్నాను.

మీ నాన్న తోటలో చూపించింది నిజం. నీడలో పడ్డ మొక్క వెలుతురు కోసం సాగుతుంది, కాండం సన్నబడుతుంది, కాపు పడిపోతుంది. అందుకే దగ్గర దగ్గరగా పెట్టొద్దంటారు. కానీ పొడుగు అంతా నీడ వల్లనే అనుకున్నా తప్పే. రకాన్ని బట్టి, వయసుని బట్టి కూడా ఉంటుంది. మన దేశవాళీ పొడుగు రకం ముసలిదయ్యేసరికి 20 మీటర్లు దాటిపోతుంది, ఎంత ఎండలో ఉన్నా సరే. మీ అలోలా చెట్టు అందులో సగం. దానికే అంత గొప్పా!

నాకు వింతగా అనిపించింది మూడు తలలు. కొబ్బరికి ఉండేది ఒక్కటే మొవ్వు. పక్క కొమ్మలు రావు. ఆ మొవ్వు కుళ్ళితే చెట్టు పోయినట్టే. మూడు మొవ్వులుంటే తిత్లీ అప్పుడు ఎన్ని చెట్లు బతికేవో.

పొట్టిదానికి పురుగంటే నాలుగు రెట్లు భయమని మా వాడు చెప్పాడు, గ్రాస్‌కీ సైకిక్‌కీ రెండిటికీ బగ్ పడదట. అది రాసినవాడెవడో కొబ్బరి తోట చూసే ఉంటాడు. కొమ్ము పురుగు మొవ్వులోకి తొలుచుకుని పోతుంది. ఆకు విచ్చుకున్నాక చూస్తే కత్తెరతో కోసినట్టుంటుంది. తుఫాను తర్వాత కూలిన మొద్దులు తోటల్లోనే కుళ్ళితే వాటిలోనూ, పెంటకుప్పల్లోనూ పిల్లలు పెట్టింది. నేను రోజూ ఇనుప చువ్వతో లాగేదాన్ని. నీ కొత్త చెట్ల మొవ్వులు చూసుకో బాబూ, ఫోన్ తర్వాత చూద్దువు గాని.

ఉద్దానం_కుర్రాడు:

పిన్నీ, చూశాను. నూతి దగ్గరదానికి రెండు ఆకులు కత్తిరించినట్టే ఉన్నాయి. అది పాత దెబ్బే అన్నారు నాన్న, అయినా చువ్వ తీసుకుని వెళ్ళారు.

ట్రైనర్ గారూ, థాంక్స్. పొడుగుది రెయిడ్‌లో వచ్చినప్పుడు ఇచ్ఛాపురం వెళ్తాను, ఊళ్ళో ఒక్కడినే కొట్టలేను. మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. డ్రాగన్ దాకా బాగానే విన్నారు. 10.9 మీటర్లు అనేసరికి "మన తోటకి ఎక్కేవోడే దొరకట్లేదు, దానికెవడెక్కుతాడ్రా? కాళ్ళున్నాయి కదా, పొట్టిదాన్నే ఉంచు, కాయలు అదే ఇంటికి మోసుకొస్తాది" అన్నారు.