దుంపలు కుళ్ళిపోతున్నాయి, ఎంత లోతులో పెట్టాలండీ?

పోయినసారి పెట్టిన లిల్లీ, గ్లాడియోలస్ దుంపల్లో సగం మొలవనేలేదు, తవ్వి చూస్తే మెత్తగా అయిపోయి ఒకటే కంపు, రోజూ నీళ్ళు పోసా కూడా. ఈసారి ట్యూలిప్స్ కూడా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టా.

జవాబు 1: ఆ రోజూ పోయడమే కొంప ముంచిందండీ 😀 పెట్టగానే ఒకసారి బాగా తడిపి వదిలెయ్యండి, మళ్ళీ పైమట్టి ఆరాకే. బంకమట్టైతే ఇసుక, కంపోస్ట్ కలపండి. లోతు దుంప ఎత్తుకి రెండు మూడు రెట్లు, అంటే 5 సెంటీమీటర్ల దుంపకి 10-15, మొన పైకి ఉండాలి.

జవాబు 2: ట్యూలిప్‌కి 12 నుంచి 16 వారాలు చలి తగలాలి, లేకపోతే ఆకులొస్తాయి గానీ పువ్వు సరిగ్గా రాదు. ఫ్రిజ్‌లో పండ్ల దగ్గర మాత్రం వద్దు, వాటి ఇథిలీన్ గ్యాస్‌కి లోపలి మొగ్గ మాడిపోతుంది.

జవాబు 3: పూలయ్యాక ఆకులు కోసెయ్యకండి బాబూ, నీట్‌గా ఉంటుందని నేను కత్తిరించేసా, మరుసటేడు ఒక్క పువ్వు లేదు. ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళే దుంప బలం పుంజుకునేది, దానంతటది ఎండాక తీసెయ్యండి.

అడిగినవారు: అయ్యో, నావి యాపిల్స్ పక్కనే ఉన్నాయి, ఇప్పుడే తీస్తున్నా!