రొయ్యల చెరువు యాప్‌లో తెల్లారగట్ల ఎంట్రీలు ముందురోజుకి పోతున్నాయండి

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర మా బాబాయి వాళ్ల వనామి చెరువులకి జావాస్క్రిప్ట్‌లో చిన్న వెబ్ యాప్ రాశా. చెరువులో రొయ్య పిల్ల వదిలిన తేదీ ఇస్తే ఇవాళ్టికి ఎన్నో రోజో చూపిస్తుంది, కుర్రాడు మేత, ఆక్సిజన్ రీడింగు కొడతాడు. పగలంతా బాగానే ఉంటుంది గానీ తెల్లారగట్ల 4:30కి కొట్టిన రీడింగు నిన్నటి తేదీలో పడుతుంది, అసలు ఆక్సిజన్ పడిపోయేదే ఆ టైములో. పైగా డల్లాస్‌లో మా అన్నయ్య ఓపెన్ చేస్తే 2024 మార్చి 1న వదిలిన పిల్ల ఫిబ్రవరి 29 అని వస్తుందంట. తేదీని టుఐఎస్ఓస్ట్రింగ్ (తేదీని అక్షరాలుగా మార్చే ఫంక్షన్) చేసి మొదటి 10 అక్షరాలు కోసి దాస్తున్నా. ఎక్కడ తేడా కొట్టింది?

కోనసీమ కుర్రోడు:
ఆ కోయడమే కొంప ముంచిందండి. అది ఇచ్చేది యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం), మనకన్నా ఐదున్నర గంటలు వెనక. పొద్దున్న 5:30 అయ్యేదాకా దాని లెక్కలో ఇంకా నిన్నే, మన పంచాంగంలో సూర్యోదయం అయితేగానీ రోజు మారనట్టు 😀 గెట్‌ఫుల్‌ఇయర్, గెట్‌మంత్, గెట్‌డేట్ విడిగా తీసి మీరే అతికించుకోండి. నెలకి 1 కలపాలి, అక్కడ జనవరి అంటే 0. నేనోసారి జనవరి కదా అని 1 ఇచ్చి సంక్రాంతి సెలవు ఫిబ్రవరి 14న పెట్టేశా, ఆఫీసంతా నవ్వారు.

గోదారి గట్టు:
అన్నయ్యగారి గొడవ వేరే. టైము లేని ఉత్త తేదీని జావాస్క్రిప్ట్ న్యూ డేట్‌కి ఇస్తే యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది, అప్పటికి డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం 6. పిల్ల వదిలిన తేదీకి టైముతో పనేముందండి, డేటాబేస్‌లో కూడా తేదీగానే ఉంచండి. ఎన్నో రోజు అనేది మధ్య మిల్లీసెకన్లని రోజుతో భాగించి ఫ్లోర్ (దశాంశాలు కోసేయడం) చేస్తున్నారా? 2024 మార్చి 10న అక్కడ గడియారం గంట ముందుకి జరిపారు, ఆ రోజుకి 23 గంటలే. వాళ్ల బ్రౌజర్లో మార్చి 1 నుంచి ఏప్రిల్ 1కి 31 బదులు 30 వస్తుంది. రెండు తేదీలూ డేట్.యూటీసీలో పెట్టి ఒకదాన్లోంచి ఇంకోటి తీసేయండి. "ఇవాళ" మాత్రం ఏషియా/కోల్‌కతా టైమ్‌జోన్‌లోనే తియ్యండి, చెరువు ఉండిలో ఉంది కదా.

అడిగినవాడిని:
సెట్ అయిందండి, థాంక్స్! ఇంకోటి, మేత షాపు బాకీకి 2024 జనవరి 31 మీద సెట్‌మంత్‌తో నెల కలిపితే మార్చి 2 వచ్చింది??

గోదారి గట్టు:
ఫిబ్రవరి 31 లేదుగా, మిగిలిన రోజులు మార్చిలోకి పొర్లాయి. మామూలు ఏడాదైతే మార్చి 3. అదే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ డేట్‌యాడ్ అయితే 2024లో ఫిబ్రవరి 29 దగ్గర ఆగిపోతుంది. షాపాయన నెల అంటే ఏంటో ముందు కనుక్కోండి.

అడిగినవాడిని:
కనుక్కున్నా. పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయిన రోజు ఇచ్చెయ్యమంటున్నాడు. దీనికేం కోడ్ రాయనండి 🙏