ఎనిమిదో తరగతి పిల్లలకు జార్జ్ ఫ్లాయిడ్ పాఠం అవసరమా?

డల్లాస్ శ్రీను: మావాడికి సోషల్ క్లాసులో జార్జ్ ఫ్లాయిడ్ గురించి చెప్పారట. అన్నం మానేసి 'పోలీసులు మనల్నీ అలా చేస్తారా నాన్నా' అంటున్నాడు. ఈ వయసులో ఇవన్నీ అవసరమా? టీచర్‌కి మెయిల్ పెడదామనుకుంటున్నా.

మాధవి పి: ఏమని పెడతారండీ? 2020 మేలో మినియాపొలిస్‌లో తెల్ల పోలీసు ఒకడు ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు పెట్టి నొక్కాడు. కోర్టు హత్యేనని తేల్చి 22 ఏళ్ల 6 నెలలు జైలు వేసింది. దాచడానికి ఏముంది?

గుంటూరు గోంగూర: ఫ్లాయిడ్ షాపులో 20 డాలర్ల దొంగ నోటు ఇచ్చాడన్న ఫిర్యాదుతోనే పోలీసులు వచ్చారు, ఆ సంగతి కూడా చెప్పారా?

ఆస్టిన్ రవి: పోలీసుల మొదటి ప్రకటన సంగతి చెప్పారా అని అడగండి. అందులో మోకాలు ఊసే లేదు, ఏదో ఆరోగ్య సమస్య వచ్చి చనిపోయాడన్నట్టు రాశారు. 17 ఏళ్ల అమ్మాయి ఫోన్లో వీడియో తీయకపోతే అదే ఖాయమయ్యేది.

గుంటూరు గోంగూర: నోటు గురించి అడిగా, జవాబు రాలేదు. ఫ్లాయిడ్ చనిపోయాక జరిగిన గొడవల్లో నా షాపు అద్దాలు పగలగొట్టారు. ఇన్సూరెన్స్ వాళ్లు ఎంత తిప్పారో నాకు తెలుసు. ఆ పాఠం ఎవరు చెబుతారు?

చింటూ: పాప్‌కార్న్ రెడీ 🍿

మాధవి పి: అద్దాలు మళ్లీ వేయించుకున్నారుగా.

డల్లాస్ శ్రీను: నేనడిగింది వయసు గురించి. జాతి పేరుతో పిల్లల్లో అపరాధభావం కలిగేలా పాఠాలు ఉండకూడదని 2021లో టెక్సాస్ చట్టం కూడా చేసింది.

ఆస్టిన్ రవి: మీవాడిది అపరాధభావం కాదన్నా, భయం. క్లీవ్‌లాండ్‌లో 2014లో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న నల్లజాతి పిల్లాడు టామిర్ రైస్‌ని పోలీసులు కారు దిగుతూనే కాల్చేశారు. వాడికి 12 ఏళ్లు. కాల్చిన పోలీసు మీద క్రిమినల్ కేసు కూడా పెట్టలేదు.

డల్లాస్ శ్రీను: అది నల్లవాళ్ల బాధ, కాదనను. మన పిల్లల నెత్తిన ఎందుకు పెట్టడం? బుద్ధిగా చదువుకునేవాణ్ణి ఏ పోలీసూ ఆపడు.

మాధవి పి: అలాగా? 2015లో అలబామాలో కొడుకు ఇంటికొచ్చిన గుజరాతీ పెద్దాయన పేవ్‌మెంట్ మీద నడుస్తున్నాడు. ఎవరో పోలీసులకు ఫోన్ చేసి 'నల్లవాడు తిరుగుతున్నాడు' అన్నారు. పోలీసు ఎత్తి నేలకేసి కొట్టాడు, వెన్నుపూసకు ఆపరేషన్ అయింది. ఆ పోలీసుకి శిక్ష పడలేదు. మన ఆదోని అమ్మాయి జాహ్నవి సియాటిల్‌లో పోలీసు కారు ఢీకొని చనిపోతే, ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదని ఇంకో పోలీసు నవ్వాడు.

డల్లాస్ శ్రీను: ఇవన్నీ నాకు తెలుసండీ! అందుకే వద్దంటున్నా. రేపు పోలీసు కనిపిస్తే వీడు భయపడి పరిగెడితే? అప్పుడు ఎవరు దిక్కు?

మాధవి పి: ఏమీ తెలియని పిల్లాడు పోలీసు ముందు గబుక్కున జేబులో చెయ్యి పెడితే?

డల్లాస్ శ్రీను: అది ఇంట్లో నేను చెప్పుకుంటా. వీడియో చూపించే ముందు తల్లిదండ్రులకు చెప్పమని మాత్రం మెయిల్ పెడుతున్నా.

మాధవి పి: అంతవరకైతే సరే. పాఠమే తీసేయమంటే నేనూ ఒక మెయిల్ పెడతా.